చదరంగం గడుల్లో వడ్లు: 18446744073709551615 లోపల ఏముంది?

కోవూరు రైతుబిడ్డ
అందరికీ నమస్కారం. చదరంగం పలక మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇట్లా రెట్టిస్తూ 64 గడులూ నింపితే మొత్తం 18446744073709551615 గింజలు. మన అంకెల్లో చదివితే ఒక లక్షా ఎనభై నాలుగు వేల నాలుగు వందల అరవై ఏడు కోటి కోట్లు, పైన నలభై నాలుగు లక్షల ఏడు వేల మూడు వందల డెబ్బై కోట్లు, ఆ పైన తొంభై ఐదు లక్షల యాభై ఒక్క వేల ఆరు వందల పదిహేను.

చదరంగం కనిపెట్టినవాడు రాజును బహుమానంగా ఇన్ని గింజలు అడిగాడని కథ. అది చెప్పేవాళ్లంతా "రాజు ఇవ్వలేకపోయాడు" అనే దగ్గర ఆపేస్తారు. నాకు ఆ సంఖ్య గురించే తెలుసుకోవాలనుంది. దాన్ని ఏవేవి శేషం లేకుండా భాగిస్తాయి? అందులో ఏదన్నా క్రమం ఉందా, లేక ఊరికే పెద్ద అంకెల వరసేనా?

నాకు చేతనైన లెక్క నేను చేశా. వెయ్యి వడ్లగింజలు 20 గ్రాములు అనుకున్నా (సన్నాలు ఇంకా తక్కువే తూగుతాయి, లెక్క తేలిక కోసం అంతే పెట్టుకున్నా). మన నెల్లూరు పుట్టి 850 కిలోలు. ఆ లెక్కన మొత్తం 43,404 కోట్ల పుట్లు, అంటే 36,893 కోట్ల టన్నులు. ప్రపంచమంతా కలిసి ఏటా పండించే వడ్లు 80 కోట్ల టన్నులకు అటూ ఇటూ. 460 ఏళ్ల పంట కావాలి.

కానీ నాకు నిద్ర పట్టనివ్వనిది సగం పలక. మొదటి 32 గడుల వరకు 4294967295 గింజలే. తూకం వేస్తే 85,899 కిలోలు, 101 పుట్లు. ఎకరాకు మూడు పుట్లు పండినా 34 ఎకరాల పంట. మా పక్క ఒక్క పెద్ద రైతు దగ్గర దొరికే ధాన్యం అది! ఇంకో సగంలో ప్రపంచమే చాలకుండా పోయింది. ఆ రెండు సగాలకీ మధ్య సంబంధం ఏందో ఎవరన్నా చెప్పండి.

కావలి లెక్కల టీచర్
అన్నా, మీ చివరి ప్రశ్నలోనే మొదటి ప్రశ్నకు జవాబు ఉంది. సగం పలకను వదలకుండా పట్టుకోండి.

2ని 64 సార్లు వేసి గుణిస్తే వచ్చేదాన్ని 2^64 అని రాస్తాను. 33వ గడిలో ఉన్నవి 2^32 గింజలు. మొదటి గడిలో ఒకటి. 34వ గడి రెండో గడికి 2^32 రెట్లు, 35వది మూడోదానికి అన్నే రెట్లు. అలా కింది సగంలోని ప్రతి గడీ పై సగంలోని తన జోడుకు సరిగ్గా 2^32 రెట్లు. కనుక కింది సగం మొత్తం పై సగం మొత్తానికి 2^32 రెట్లు. రెండూ కలిపితే:

మొత్తం = పై సగం × (2^32 + 1) = 4294967295 × 4294967297

మీ 101 పుట్ల ధాన్యాన్ని 4294967297 సార్లు పోస్తే పలక నిండుతుంది. ఇరవై అంకెల సంఖ్య రెండుగా విడిపోయింది, ఒక్క భాగహారం కూడా చెయ్యలేదు చూడండి.

ఇక ఆగక్కర్లేదు. పై సగం కూడా 32 గడుల పలకే. దాన్నీ మధ్యకు కోస్తే 16 గడుల మొత్తం 65535, దానికి 65537 రెట్లు. 65535ని కోస్తే ఒక వరస గడుల మొత్తం 255, దానికి 257 రెట్లు. 255 అంటే 15 × 17. 15 అంటే 3 × 5. అన్నీ కూడగడితే:

18446744073709551615 = 3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

పలకను ఆరుసార్లు మధ్యకు మడిచాం, ఆరు కారణాంకాలు వచ్చాయి. ప్రతిదీ వెనకటి దానికన్నా కొత్త సంఖ్య, ప్రతిదీ 2 ఘాతం మీద ఒకటి ఎక్కువ. ఇంత చక్కని లోపలి కట్టడం ఉన్న సంఖ్యను పట్టుకుని "అబ్బో ఎంత పెద్దదో" అని వదిలేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

బుచ్చి ఇంటర్ అమ్మాయి
సార్, 3, 5, 17, 257 ప్రధాన సంఖ్యలని నేను చూసుకున్నాను. 65537 కూడా అంతేనని పుస్తకంలో ఉంది. మరి 4294967297? ఐదు ప్రధానాలైనప్పుడు ఆరోది కూడా అవ్వాలి కదా సార్?

కావలి లెక్కల టీచర్
నువ్వు అనుకున్నట్టే ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా కూడా అనుకున్నాడు తల్లీ, 1640లో. ఈ వరసలో వచ్చేవన్నీ ప్రధానాలే అని నమ్మాడు. అందుకే వీటిని ఫెర్మా సంఖ్యలంటారు. దాదాపు తొంభై ఏళ్ల తర్వాత, 1732లో, ఆయిలర్ అనే గణితవేత్త చూపించాడు:

4294967297 = 641 × 6700417

గుణించి చూసుకో. 6700417ను 600తో గుణిస్తే 4020250200. 41తో గుణిస్తే 274717097. కలుపు.

బుచ్చి ఇంటర్ అమ్మాయి
సరిపోయింది సార్! కానీ ఆయన 641 దాకా ఉన్న ప్రధానాలన్నిటితో భాగిస్తూ పోయాడా?

మార్కాపురం పలక
ఆయన ఎట్లా వెతికాడో కావలి సార్ చెప్తారు. 641 భాగిస్తుందని భాగహారం లేకుండా, మా ఊరి పలక మీద నాలుగు గీతల్లో రాయొచ్చు. నాకు చాలా ఇష్టమైన రుజువు, అందుకే మధ్యలో దూరుతున్నా.

641ని రెండు రకాలుగా రాయండి.
641 = 640 + 1 = 5 × 2^7 + 1
641 = 625 + 16 = 5^4 + 2^4

మొదటి గీత ప్రకారం 5 × 2^7ను 641తో భాగిస్తే శేషం −1 (640 అనుకున్నా ఒకటే). దాన్ని నాలుగుసార్లు గుణిస్తే 5^4 × 2^28, శేషం +1.
రెండో గీత ప్రకారం 5^4కి బదులు −2^4 పెట్టుకోవచ్చు. పెట్టండి: −2^4 × 2^28 = −2^32, శేషం +1.
అంటే 2^32 శేషం −1. అంటే 2^32 + 1 శేషం సున్నా.

అయిపోయింది. పది అంకెల సంఖ్య లొంగిపోయింది, మనం ముట్టుకున్న పెద్ద అంకె 641 మాత్రమే. ఈ రుజువు తరగతిలో రాసిన ప్రతిసారీ వెనక బెంచీ పిల్లలు కూడా మెడ చాపి చూస్తారు.

ఒంగోలు ప్రోగ్రామర్
మా పనిలో ఈ సంఖ్య రోజూ ఎదురుపడేదే. 64 బిట్లలో (బిట్టు అంటే 0 గానీ 1 గానీ పట్టే ఒక చోటు) పట్టే అతి పెద్ద పూర్ణసంఖ్య ఇదే, బైనరీలో రాస్తే వరసగా 64 ఒకట్లు. ఒక్కో బిట్టు ఒక్కో గడి. రైతుబిడ్డ అన్న పలకంతా నింపడం అంటే మా భాషలో బిట్లన్నీ వెలిగించడం. ఇంకో గింజ వేస్తే పట్టదు, అన్నీ సున్నాలైపోతాయి.

ప్లస్, మైనస్ గుర్తుతో రాసే సంఖ్యలకు ఆ గుర్తు కోసం ఒక బిట్టు పోతుంది, అక్కడి హద్దు 2^63 − 1, అంటే 9223372036854775807. దాని కారణాంకాలు 7 × 7 × 73 × 127 × 337 × 92737 × 649657. ఒక్క గడి తగ్గింది, పాత కారణాంకం ఒక్కటీ మిగల్లేదు. ఇది ఎందుకో నాకు మొదట్లో అంతు పట్టలేదు.

కావలి లెక్కల టీచర్
అమ్మాయి ప్రశ్నకూ మీ ప్రశ్నకూ ఒకటే జవాబు. కొంచెం ఓపికగా చదవండి, ఈ సంఖ్య గుట్టంతా ఇక్కడే ఉంది.

7 తీసుకోండి. 2 ఘాతాలను 7తో భాగిస్తే శేషాలు 2, 4, 1, మళ్లీ 2, 4, 1. మూడు అడుగుల చక్రం. 64 అడుగులు వేస్తే 63 దగ్గర చక్రాలు పూర్తై ఇంకో అడుగు మిగులుతుంది. 2^64 శేషం 2, మన సంఖ్య శేషం 1. 7 భాగించదు. 63 అడుగుల దగ్గర ఆగితే చక్రం సరిగ్గా మూసుకుంటుంది, అందుకే 2^63 − 1ను 7 భాగిస్తుంది.

ఏ బేసి ప్రధాన సంఖ్యకైనా ఇలాంటి చక్రం ఒకటుంటుంది. మన సంఖ్యను భాగించాలంటే దాని చక్రం పొడవు 64ను భాగించాలి. 64ను భాగించేవి 2, 4, 8, 16, 32, 64 మాత్రమే (1 లెక్కలోకి రాదు). ఇప్పుడు చూడండి: 3 చక్రం 2. 5 చక్రం 4. 17 చక్రం 8. 257 చక్రం 16. 65537 చక్రం 32. మిగిలిన 641కీ 6700417కీ 64. ప్రతి మడతకూ దాని ప్రధాన సంఖ్య, చివరి మడతకు మాత్రం రెండు. 11 చక్రం 10, 13 చక్రం 12. ఈ పలక దగ్గరకు అవి రావు. 63ను భాగించే పొడవులు 3, 7, 9, 21, 63. 64తో ఒక్కటీ కలవదు. అందుకే ప్రోగ్రామర్ గారికి పాత కారణాంకం ఒక్కటీ కనిపించలేదు.

ఇక ఆయిలర్. p అనే ప్రధాన సంఖ్య 2^32 + 1ని భాగిస్తే దాని చక్రం 64. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం p − 1 అడుగుల దగ్గర కూడా చక్రం మూసుకోవాలి. కనుక 64, p − 1ని భాగించాలి. అంటే p ఎప్పుడూ 64లో ఎన్నో రెట్లు, పైన ఒకటి. 65, 129, 193, 257, 321... వీటిలో ప్రధానాలు 193, 257, 449, 577, 641. ఐదో ప్రయత్నంలో దొరికింది! తర్వాత 1878లో లూకా అనే ఫ్రెంచి గణితవేత్త 64 కాదు, 128 రెట్ల మీద ఒకటి ఉండాలని చూపించాడు. అప్పుడు 257, 641 రెండే మిగులుతాయి.

బుచ్చి ఇంటర్ అమ్మాయి
సార్, ఇదే పద్ధతిలో 6700417 ప్రధానమో కాదో చేత్తో తేల్చొచ్చా?

కావలి లెక్కల టీచర్
తేల్చొచ్చు. దాన్ని భాగించే ప్రధానం ఏదైనా 2^32 + 1ని కూడా భాగిస్తుంది కదా. కనుక అది కూడా 128 రెట్ల మీద ఒకటి. 6700417కు వర్గమూలం 2588 పైన కొంచెం. అంతవరకు చూస్తే చాలు. ఆ రూపంలో 2588 లోపు ప్రధానాలు ఎన్నున్నాయో నువ్వే తీయి.

బుచ్చి ఇంటర్ అమ్మాయి
తీశాను సార్. 129 నుంచి 2561 వరకు ఆ రూపంలో ఇరవై సంఖ్యలున్నాయి. చాలావరకు 3, 5, 7తోనే పోయాయి. 1537 మాత్రం కాసేపు తిప్పలు పెట్టింది, 29 × 53. 1793 అంటే 11 × 163. 1921 అంటే 17 × 113. 2561 అంటే 13 × 197. మిగిలిన ప్రధానాలు ఐదే: 257, 641, 769, 1153, 1409.

భాగిస్తే:
257తో శేషం 170
641తో శేషం 44
769తో శేషం 120
1153తో శేషం 334
1409తో శేషం 622

ఒక్కటీ సున్నా కాలేదు. 6700417 ప్రధాన సంఖ్య! కాలిక్యులేటర్ ముట్టుకోలేదు సార్.

మార్కాపురం పలక
శభాష్ తల్లీ. ఏ పద్ధతీ తెలియకపోతే 2588 లోపున్న ప్రధానాలన్నిటితో భాగించాలి, అవి వందల్లో ఉంటాయి. చక్రం సంగతి తెలిస్తే ఐదు. గణితం తెలిసినందుకు మనకు దక్కే ఫలం ఇట్లాంటిదే.

ఒంగోలు పద్యప్రియుడు
ఇంత చర్చ జరుగుతుంటే ఒక్కరూ మన పావులూరి మల్లనను తలచుకోలేదు. 11వ శతాబ్దంలో మహావీరాచార్యుల సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు. ఇంకొల్లు దగ్గర పావులూరు అనే ఊరు మాకు దూరం కాదు, ఒకప్పుడు మన ప్రకాశం జిల్లాలోదే. ఆ పేరు చూసే నేను ఈ కవి వైపు వెళ్లాను.

ఆయన చంపకమాలలో ఈ సంఖ్యను ఇరవై అంకెలూ పొల్లుపోకుండా చెప్పాడు. భూతసంఖ్యల్లో చెప్పాడు, అంటే ఒక్కో అంకెకు లోకంలో అన్ని ఉండే వస్తువు పేరు:

"శర శశి షట్క చంద్ర శర సాయక రంధ్ర వియన్నగాగ్ని భూధర గగనాబ్ధి వేద గిరి తర్క పయోనిధి పద్మజాస్య కుంజర తుహినాంశు సంఖ్య"

శరం మన్మథుడి బాణాలు, 5. శశి 1. షట్కం 6. చంద్రుడు 1. శరం 5, సాయకం కూడా బాణమే, 5. రంధ్రం 9. వియత్తు ఆకాశం, 0. నగం కొండ, 7. అగ్ని 3. భూధరం మళ్లీ కొండే, 7. గగనం 0. అబ్ధి సముద్రం, 4. వేదం 4. గిరి 7. తర్కం 6. పయోనిధి 4. పద్మజాస్యం బ్రహ్మ ముఖాలు, 4. కుంజరం దిగ్గజాలు, 8. తుహినాంశుడు చంద్రుడు, 1.

భూతసంఖ్యలను కుడి నుంచి ఎడమకు పేర్చాలి. చంద్రుడితో మొదలుపెట్టి వెనక్కి రండి: 1 8 4 4 6 7 4 4 0 7 3 7 0 9 5 5 1 6 1 5.

యతి, ప్రాస, గణాలు ఎక్కడా చెడకుండా ఇరవై అంకెలు. అంకెల్లో రాసుకుంటే ఒకటి చెరిగిపోవచ్చు, ఒకటి తారుమారు కావచ్చు. పద్యంలో మాట మారితే చాలాసార్లు గణం తప్పి దొరికిపోతుంది. తప్పును పట్టే ఏర్పాటు ఛందస్సులోనే ఉంది. ఆయిలర్‌కు దాదాపు ఏడు వందల ఏళ్ల ముందే ఈ సంఖ్య తెలుగులో కూర్చుని ఉందంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

కోవూరు రైతుబిడ్డ
అయ్యా, ఈ పద్యం ఇంటి గోడ మీద రాయించుకుంటా. నేను అడిగింది ఒకటైతే మీరంతా నాకు పది ఇచ్చారు.

కందుకూరు పెద్దాయన
బాబులూ, చదవడానికి బాగుంది. నేను బ్యాంకులో లెక్కలు చూసి రిటైరైనవాణ్ణి. ఈ కారణాంకాలతో ఎవరికైనా అక్కర ఉందా, లేక ముచ్చటకేనా? నిజంగానే అడుగుతున్నా.

ఒంగోలు ప్రోగ్రామర్
ఉంది పెద్దాయనా. కంప్యూటరు యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించే పద్ధతుల్లో ఒకటి ఇలా ఉంటుంది: 64 బిట్లు తీసుకుని వాటిని పక్కకు జరిపి తమతోనే కలుపుతూ పోతారు. అన్నీ సున్నాలుగా ఉండే ఒక్క స్థితిని వదిలేస్తే మిగిలిన స్థితులు సరిగ్గా 18446744073709551615. మంచి పద్ధతి అయితే వీటన్నిటినీ ఒక్కోసారి తాకి గానీ మొదటికి రాదు. అది నిజంగా అంత దూరం పోతుందో, మధ్యలోనే చక్రం మూసుకుంటుందో ఎలా తెలుస్తుంది? సెకనుకు వంద కోట్ల అడుగులు వేసినా 584 ఏళ్లు పడుతుంది, నడిచి చూడలేం.

కారణాంకాలు తెలిస్తే నడవక్కర్లేదు. చక్రం పొడవు మన సంఖ్యను భాగించేదే కావాలని ముందు తేలిందనుకోండి. అది అంతకన్నా చిన్నదైతే మన సంఖ్యను 3, 5, 17, 257, 641, 65537, 6700417లో ఏదో ఒకదానితో భాగించిన చోట మూసుకోవాలి. ఆ ఏడు చోట్లకూ వర్గాలు చేసుకుంటూ దూకి చూస్తారు. ఏడు చోట్లా మూసుకోకపోతే చక్రం పూర్తి పొడవే. ఆయిలర్ 1732లో తీసిన 641 ఈ పరీక్షలో ఒక మెట్టు.

ఇంకోటి. బ్యాంకు వెబ్‌సైట్లను కాపాడే ఆర్‌ఎస్‌ఏ గుప్తలేఖనంలో బహిరంగ తాళంచెవిలోని ఘాతంగా ఎక్కువగా వాడేది 65537. బైనరీలో దానికి రెండే ఒకట్లు ఉంటాయి, గుణకారాలు తక్కువ. మీరు పనిచేసిన చివరి రోజుల్లో మీ కౌంటరు వెనక కూడా అది ఉండి ఉండొచ్చు.

కందుకూరు పెద్దాయన
చాలా సంతోషం నాయనా. 65537ను ఇక మర్చిపోను.

మార్కాపురం పలక
పలక అంతా నింపకుండా మధ్యలో ఆపితే ఏమవుతుందో కూడా చూడదగ్గది. n గడుల వరకు మొత్తం 2^n − 1. ఎక్కడెక్కడ ఆగితే ఆ మొత్తం ప్రధాన సంఖ్య? 64 గడుల్లో తొమ్మిది చోట్లే: 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61. గడి సంఖ్య ప్రధానం కాకపోతే మొత్తం ఎన్నటికీ ప్రధానం కాదు, అది పలకను మడిచే లెక్కే. గడి సంఖ్య ప్రధానమైతే చాలు అనుకోకూడదు. 11వ గడి దగ్గర మొత్తం 2047, అది 23 × 89.

31వ గడి దగ్గరి 2147483647 ప్రధానమని తేల్చిందీ ఆయిలరే, 1772లో. 61వ గడి దగ్గరిది 2305843009213693951. 1644లో మెర్సెన్ ఇచ్చిన జాబితాలో ఇది లేనే లేదు. రష్యాలో పెర్వూషిన్ అనే మతాచార్యుడు 1883లో ఇది ప్రధానమని నిరూపించాడు, చేతి లెక్కలతో. పందొమ్మిది అంకెల సంఖ్య! ఆ ఓపికకు దండం పెట్టాలి.

అదే 1883లో కావలి సారు చెప్పిన లూకా 64 బిళ్లల హనోయి గోపురం కథతో ఆటబొమ్మ తెచ్చాడు (చిన్న బిళ్ల మీద పెద్దది పెట్టకుండా, ఒక్కొక్కటిగా, మూడు కడ్డీల మధ్య బిళ్లలన్నీ మార్చే ఆట). ఆ గోపురాన్ని మార్చడానికి కావలసిన ఎత్తుగడలు కూడా 18446744073709551615. సెకనుకు ఒకటి చొప్పున 58,000 కోట్ల ఏళ్లకు పైమాటే. విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు.

బుచ్చి ఇంటర్ అమ్మాయి
సార్, గింజలను త్రిభుజంగా పేర్చడం కుదురుతుందా? మొదటి వరసలో 1, రెండో వరసలో 2, మూడో వరసలో 3, అట్లా. 3 గింజలకు కుదిరింది. 7కు కుదరలేదు. 15కు కుదిరింది, ఐదు వరసలు. 31, 63, 127 కుదరలేదు.

కావలి లెక్కల టీచర్
ఎంత మంచి ప్రశ్న వేశావమ్మా! 12 గడుల దగ్గర ఇంకోసారి కుదురుతుంది. 4095 గింజలు, సరిగ్గా 90 వరసలు. 90 × 91ని సగం చేసి చూడు. ఆ తర్వాత ఈ పలక మీద గానీ, ఎంత పెద్ద పలక చేసినా గానీ, ఇంకెప్పుడూ కుదరదు.

మొత్తాన్ని త్రిభుజంగా పేర్చగలిగితే, దాన్ని 8 రెట్లు చేసి ఒకటి కలిపితే వర్గసంఖ్య వస్తుంది. మన మొత్తానికి అది 2 ఘాతంలోంచి 7 తీసేస్తే వర్గసంఖ్య రావడమే. 8 − 7 = 1, 16 − 7 = 9, 32 − 7 = 25, 128 − 7 = 121, 32768 − 7 = 32761 (అది 181 వర్గం). ఈ ఐదే ఉన్నాయని 1913లో ఊహించి ప్రశ్నగా పెట్టినవాడు మన రామానుజన్. నార్వే గణితవేత్త నాగెల్ 1948లో రుజువు చేశాడు. అప్పటికి రామానుజన్ పోయి 28 ఏళ్లు. నువ్వు గింజలు పేర్చుకుంటూ ఆ ప్రశ్న దగ్గరికే వచ్చావు.

ఒంగోలు పద్యప్రియుడు
ఛందస్సు వాళ్ల దగ్గర ఇంకో పలక ఉంది, మేరుప్రస్తారం. పింగళుడి ఛందశ్శాస్త్రానికి 10వ శతాబ్దంలో హలాయుధుడు వ్యాఖ్య రాస్తూ వివరించాడు. ఎన్ని గురులఘువుల పాదాలు ఎన్ని రకాలుగా వస్తాయో చెప్పే పట్టిక. బడిలో పాస్కల్ త్రిభుజం అంటారే, అదే. దానికీ ఈ సంఖ్యకూ చుట్టరికం ఉందని విన్నాను. కావలి మాస్టారు చెప్తే వినాలని ఉంది.

కావలి లెక్కల టీచర్
ఉందండీ, దగ్గరి చుట్టరికమే. మేరువులో బేసి సంఖ్య ఉన్న చోట 1, సరి సంఖ్య ఉన్న చోట 0 రాయండి. ప్రతి వరసనూ బైనరీ సంఖ్యగా చదవండి.

మొదటి వరస 1
రెండోది 11, అంటే 3
మూడోది 1 2 1, బైనరీలో 101, అంటే 5
నాలుగోది 1 3 3 1, బైనరీలో 1111, అంటే 15
ఐదోది 1 4 6 4 1, బైనరీలో 10001, అంటే 17
ఆరోది 51, ఏడోది 85, ఎనిమిదోది 255, తొమ్మిదోది 257.

మన ఫెర్మా సంఖ్యలూ, వాటి లబ్ధాలూ వరసగా వచ్చేస్తున్నాయి. మొదటి 32 వరసలు చదివితే వచ్చేవి రైతుబిడ్డ అన్న చెప్పిన సగం పలక 4294967295కు ఉన్న 32 భాజకాలూ, ఒక్కటి తగ్గకుండా, చిన్నదాని నుంచి పెద్దదానికి.

జర్మన్ గణితవేత్త గాస్ సంగతి ఇక్కడే చెప్పాలి. 1796లో, ఇరవై ఏళ్లు కూడా నిండకముందు, 17 భుజాల క్రమ బహుభుజిని స్కేలు, వృత్తలేఖినితో గీయవచ్చని కనిపెట్టాడు. భుజాల సంఖ్య బేసి అయితే అది వేర్వేరు ఫెర్మా ప్రధానాల లబ్ధం కావాలి. గీయవచ్చని గాస్, వేరేవి గీయలేమని 1837లో వాంజెల్ నిరూపించారు. ఇప్పటికి తెలిసిన ఫెర్మా ప్రధానాలు ఐదే. కనుక బేసి భుజాలతో గీయగలమని మనకు తెలిసిన అతి పెద్ద బహుభుజికి 4294967295 భుజాలు. సగం పలక గింజలన్ని. పూర్తి పలకకు మాత్రం కుదరదు, మధ్యలో 641 అడ్డం పడింది.

మేరువులో 64వ వరస అంతా బేసి సంఖ్యలే. 64 ఒకట్లు. బైనరీలో చదివితే 18446744073709551615.

ఒంగోలు పద్యప్రియుడు
మాస్టారూ, ఒక పక్క మల్లన పద్యం, ఇంకో పక్క హలాయుధుడి మేరువు. రెండూ ఛందస్సు ఇంటివే. ఈ సంఖ్య మనకు ఎప్పటినుంచో అయినవాళ్లలో ఒకటిగా ఉంది.

ఒంగోలు ప్రోగ్రామర్
అమ్మాయి కోసం ఒకటి. ఇంకో పలక తెచ్చి పక్కన వేసి 128 గడులూ నింపితే మొత్తం = ఈ పలక × (2^64 + 1). ఆ 18446744073709551617 కూడా ప్రధానం కాదు. 1880లో లాండ్రీ అనే ఫ్రెంచి గణితవేత్త ఎనభై దాటిన వయసులో విడగొట్టాడు: 274177 × 67280421310721. అందులో మన పాత ఏడు ప్రధానాల్లో ఏదన్నా ఉందేమో చూడమ్మా.

బుచ్చి ఇంటర్ అమ్మాయి
భాగించకుండానే తెలిసిపోయింది సార్. 2^64 + 1 అంటే మన సంఖ్య మీద 2 ఎక్కువ. మన సంఖ్యను ఆ ఏడూ శేషం లేకుండా భాగిస్తాయి కాబట్టి దీనికి ఏడింటితోనూ శేషం 2 వస్తుంది. ఒక్కటీ భాగించదు. కొత్త పలకలో కొత్త ప్రధానాలే ఉండాలి. 256 గడులకు పోయినా ఇదే వాదన, 512కు పోయినా ఇదే. పలకను రెట్టించిన ప్రతిసారీ ఇంతకుముందు లేని ప్రధాన సంఖ్య ఒకటైనా రావాలి. అయితే సార్, ప్రధాన సంఖ్యలకు అంతు లేదని దీంతోనే రుజువైపోయినట్టే కదా?

కావలి లెక్కల టీచర్
రుజువైపోయింది తల్లీ. 1730లో గోల్డ్‌బాక్ ఆయిలర్‌కు రాసిన ఉత్తరంలో ఉన్న వాదన సరిగ్గా ఇదే. రేపు నువ్వు రాసింది రాసినట్టే మా పదో తరగతి బోర్డు మీద పెడతాను.

కోవూరు రైతుబిడ్డ
మా వాడు కూడా పదో తరగతే. వాడికి ఇప్పుడే చదివి వినిపిస్తున్నా. 641 రుజువు దగ్గర "ఇంకోసారి" అంటున్నాడు.